ఇల్లు ఒక్కటే, ఆఫీసులు ఆరు: వాడకు గూడు దక్కాలంటే ఎవరెవరు కలవాలి?

ఇంటి జాగా పట్టా రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంటుంది. బిల్లు హౌసింగ్ ఏఈ చేతిలో ఉంటుంది. ఉపాధి కూలి ఎంపీడీవో ఆఫీసులో, మరుగుదొడ్డి డబ్బు స్వచ్ఛభారత్ పద్దులో, మీటరు కరెంటు ఆఫీసులో, అప్పు మహిళా సంఘం దగ్గరో బ్యాంకులోనో ఉంటాయి. పేద కుటుంబానికి కావాల్సింది మాత్రం ఒక్క ఇల్లు. ఈ ఆఫీసుల మధ్య ఉన్న ఖాళీని పూడుస్తున్నది ఎవరు? కూలి మానుకుని తిరిగి, వడ్డీకి తెచ్చి, మధ్యవర్తి చేతిలో పెట్టి, దళిత కుటుంబమే పూడుస్తోంది. ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయన్న లెక్క దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. మంజూరైన ఇల్లు వాడలో స్లాబు దాకా రావడానికి ఏం అడ్డం పడుతోందో కూడా మాట్లాడుకోవాలి.

ఇది దయ కాదు

ముందు చరిత్ర గుర్తుచేసుకుందాం. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైంది ఎస్సీ, ఎస్టీ కుటుంబాల కోసం, వెట్టిచాకిరి నుంచి విముక్తులైన వారి కోసం. తర్వాత ఇతర పేదలకూ విస్తరించారు. దాని స్థానంలో 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనల్లోనూ కనీసం 60 శాతం లక్ష్యం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని ఉంది. అంటే ప్రభుత్వ గృహ పథకాల పునాదిలోనే మన హక్కు ఉంది.

సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే భూయజమానులు కోర్టుకెక్కారు. చమేలీ సింగ్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో కోర్టు సేకరణను సమర్థించింది. నివాసం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. నివాసమంటే తలమీద కప్పు ఒక్కటే కాదనీ, గాలి, వెలుతురు, నీళ్లు, కరెంటు, పారిశుధ్యం, రోడ్డు కూడా అందులోకే వస్తాయనీ చెప్పింది. ఒక్క శాఖ ఒంటరిగా ఈ హక్కును తీర్చలేదని ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది.

మొదటి లక్ష ఎక్కడిది?

తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉన్నవారికి 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తారు. పునాది పూర్తయ్యాకే మొదటి లక్ష ఖాతాలో పడుతుంది. మిగతాది గోడలు, స్లాబు, ముగింపు దశల్లో వస్తుంది. దుర్వినియోగం జరగకుండా పెట్టిన నిబంధన ఇది. కానీ చేతిలో ముందే లక్ష ఉన్నవాడికే ఇది పనికొస్తుంది. రోజు కూలితో బతికే కుటుంబం పునాదికి ఇనుము, సిమెంటు, మేస్త్రీ కూలి ఎక్కడి నుంచి తేవాలి? ఊళ్లో నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెస్తే, బిల్లు ఆలస్యమైన ప్రతి నెలా వడ్డీ ఇంటిని తినేస్తుంది.

ఈ ఇబ్బంది బయటపడ్డాకే ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా పునాదికి అప్పు ఇప్పించే దారి తీసింది. హౌసింగ్, సెర్ప్, బ్యాంకులు ఒక్క విషయంలో కలిస్తేనే ఎంత తేడా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే పాత బకాయి ఉందనో, సంఘంలో సభ్యత్వం లేదనో ఒంటరి మహిళలు, వలస కూలీలు ఇక్కడా బయటే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఇంకో మాట. 2023 ఆగస్టులో చేవెళ్ల డిక్లరేషన్ ఎస్సీ, ఎస్టీలకు ఇంటి జాగాతో పాటు 6 లక్షలు అంది. ఆ ఆరో లక్ష గురించి ప్రతి గ్రామసభలో అడగాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో కథ వేరు, బాధ అదే. 2020 డిసెంబర్ 25 నుంచి సుమారు 30 లక్షల మందికి పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర చొప్పున స్థలాలిచ్చారు. సెంటు అంటే 48.4 గజాలు. ఇంటికి 1.80 లక్షలు లెక్కగట్టారు. అది చాలదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాం. చివరికి 2025 మార్చిలో, సగంలో ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష అదనంగా ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. ఈలోగా పెరిగిన ధరల భారం మోసింది పేదలే.

జాగా లేనివాళ్లు, ఊరికి దూరమైనవాళ్లు

తెలంగాణ సర్వేలో సొంత జాగా ఉన్నవారిని ఎల్-1లో, జాగా కూడా లేనివారిని ఎల్-2లో పెట్టారు. ముందు వరుస ఎల్-1ది. తాతల నాటి ఇంటి జాగా వాడల్లో కొడుకులకు, మనవలకు పంచుకుని పంచుకుని గోడకు గోడ తగిలే దాకా వచ్చింది. పొలం లేని కుటుంబానికి పక్కన ఇల్లు కట్టుకునే చోటు ఉండదు. కాబట్టి జాగా ఉండాలన్న షరతు పైకి కులం మాట ఎత్తకపోయినా, కులం ప్రకారమే జల్లెడ పడుతుంది.

నగరంలో దూరం ఇంకో జల్లెడ. డబుల్ బెడ్‌రూం పథకంలో మొదటగా 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు కట్టారు. ఉన్న బస్తీలోనే కట్టడంతో పని, బడి, ఆసుపత్రి చేతికందే దూరంలోనే మిగిలాయి. 2023లో ప్రారంభించిన కొల్లూరులో 15,660 ఇళ్లున్నాయి. కానీ ఆ కాలనీ ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల ఉంది. నగరం నడిబొడ్డున వీధులూడ్చే, ఇళ్లల్లో పనిచేసే మనిషికి తెల్లవారుజామున బస్సు లేకపోతే అక్కడ ఇల్లు ఉన్నా ఉపాధి ఉండదు. ఇళ్లు కట్టే శాఖతో ఆర్టీసీ, విద్యాశాఖ, అంగన్‌వాడీ, పౌరసరఫరాలు ముందే కూర్చోవాలి.

కలిసి చేసినచోట

కేరళ మొదలుపెట్టిన లైఫ్ మిషన్ ముందుగా పాత పథకాల్లో సగంలో ఆగిన ఇళ్లనే పూర్తిచేసింది. ఆ తర్వాతే జాగా ఉన్నవారు, జాగా లేనివారు. స్థానిక సంస్థలు జాబితాలు చూసుకుంటే, కుటుంబశ్రీ మహిళల నిర్మాణ బృందాలు చాలాచోట్ల ఇళ్లు కట్టాయి. ఒడిశా 2017లో మురికివాడల నివాసుల భూమి హక్కు చట్టం తెచ్చింది. డ్రోన్లతో కొలతలు తీసినా, ఎవరి ఇల్లు ఏదో తేల్చడంలో బస్తీ సంఘాలను, స్వచ్ఛంద సంస్థలను కలుపుకుంది. ఉన్నచోటే హక్కు పత్రం ఇచ్చింది.

మన మండలంలో ఏం చేయగలం?

ప్రభుత్వం చేయాల్సిన పనిని సేవా సంస్థల నెత్తిన పెట్టమని మేము అనడం లేదు. విరాళాలతో పది ఇళ్లు కడితే పదకొండో కుటుంబం ఎవరిని అడగాలి? సంస్థలు చేయాల్సింది శాఖలను ఒక్కచోట కూర్చోబెట్టడం. నెలకోసారి మండల కేంద్రంలో హౌసింగ్, రెవెన్యూ, పంచాయతీ, విద్యుత్, బ్యాంకు, మహిళా సమాఖ్య, దళిత సంఘాలు కలిసి వాడలో ఆగిన ప్రతి ఇంటి గురించీ మాట్లాడాలి. ఏ ఇల్లు, ఏ దశలో, ఎవరి సంతకం కోసం ఆగిందో రాసి పంచాయతీ గోడకు అంటించాలి.

ఆ పట్టిక తయారుచేయడం విద్యార్థులు సెలవుల్లో చేయగల పని. గ్రామ ఇందిరమ్మ కమిటీలో ఎస్సీ సభ్యులు పేరుకే ఉన్నారా, మాట్లాడగలుగుతున్నారా అన్నదీ అందులో రాయాలి. ఊరి పెద్ద కులాల చేతిలో, పార్టీ కార్యకర్తల చేతిలో జాబితా ఉంటే ఎన్ని శాఖలు కలిసినా ఫలితం వాళ్లదే. ఇచ్చిన జాగాలోకి రానివ్వకుండా ఎవరైనా ఆక్రమిస్తే అది అట్రాసిటీ చట్టం కింద నేరం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మండల న్యాయ సేవల కమిటీని కూడా ఆ బల్ల దగ్గరకు పిలవాలి.

డబ్బు లేదంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నవి ఇందుకే. ఎల్-2లో ఉన్న దళిత కుటుంబాలకు జాగా కొనడానికి ఆ నిధిలోంచి ఈ ఏడాది మన జిల్లాలో ఎంత ఖర్చుపెట్టారు? సమాచార హక్కు దరఖాస్తుతో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.