పిల్లవాడు ‘వద్దు’ అన్నప్పుడు

పండుగ సెలవులు ముగిసి పిల్లలు మద్రసాకు తిరిగివచ్చిన రోజున ఒక ఇంటివారు షీర్ ఖుర్మా పంపారు. పన్నెండేళ్ల కుర్రవాడొకడు గిన్నెను పక్కకు జరిపాడు. “నోరు దురద పెడుతుంది హజ్రత్” అన్నాడు. అల్లాహ్ ప్రసాదించిన ఆహారాన్ని కాదనరాదని నేను మందలించాను. వాడు తిన్నాడు. పది నిమిషాలు గడవకముందే పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి, గొంతు బొంగురుపోయింది. అల్‌హమ్దులిల్లాహ్, ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. తొడకు ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు. జీడిపప్పు పడదని పరీక్షల్లో తేలింది. దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టేవారు కాదనీ, ఇష్టమైతే భుజించేవారనీ, లేకుంటే విడిచిపెట్టేవారనీ ఏటా ఆ తరగతికి బోధించేది నేనే. ఆ పూట అది నాకు గుర్తుకు రాలేదు.

అలర్జీ అంటే శరీర రక్షణ వ్యవస్థ పొరపాటు పడటం. ఇతరులకు ఏ హానీ చేయని పదార్థాన్ని అది శత్రువుగా భావిస్తుంది. మొదట తిన్నప్పుడు పైకి ఏమీ కనిపించకపోవచ్చు. లోలోపల మాత్రం ఆ పదార్థం కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారై కాచుకొని ఉంటాయి. అదే పదార్థం మళ్లీ లోపలికి వచ్చినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలై దురద, వాపు, తుమ్ములు, ఆయాసం కలుగుతాయి. కనుక “నిన్నటిదాకా తిన్నాడు కదా!” అనే వాదన చెల్లదు. అలర్జీ అనే మాట 1906లో వియన్నాలో పుట్టింది గానీ, పరిశీలన చాలా పాతది. అబూ జైద్ బల్ఖీకి వసంతంలో గులాబీల వాసన సోకితే జలుబు ఎందుకు చేస్తుందో వివరిస్తూ వెయ్యేళ్లకు పూర్వమే వైద్యుడు రాజీ ఒక చిన్న గ్రంథం రాశాడు.

మన ఇళ్లలో తుమ్ములకు, ఉబ్బసానికి ముఖ్య కారణం పరుపులు, దిండ్లు, తివాచీలలో ఉండే కంటికి కనిపించని ధూళి పురుగులు. దుప్పట్లను వారానికొకసారి బాగా వేడి నీటిలో ఉతకాలి. పొడి చీపురు దుమ్మును గాలిలోకి లేపుతుంది, తడిగుడ్డతో తుడవటమే మేలు. బొద్దింకలు, గోడల చెమ్మకు పట్టే బూజు, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి కూడా ఇలాంటివే. ఊదు, సాంబ్రాణి పొగ అలర్జీ కాకపోయినా ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పిస్తుంది. ఇంటి పెద్దలకు ఈ మాట రుచించదని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. గోరింటాకు నల్లగా పండదు. అది నారింజ రంగుతో మొదలై ముదురు ఎరుపుకు, గోధుమ వన్నెకు తిరుగుతుంది. కొద్ది సేపట్లోనే నల్లగా పండే ‘కాలీ మెహందీ’లో తరచుగా జుట్టు రంగులలో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దాని వల్ల కలిగే అలర్జీ ఆలస్యంగా, కొన్ని రోజుల తరువాత, డిజైన్ గీసిన చోటనే బొబ్బలుగా బయటపడుతుంది. ఒకసారి పడకుండా పోతే సాధారణంగా జీవితాంతం పడదు. ఆ అమ్మాయి పెద్దయ్యాక జుట్టుకు రంగు వేసుకుంటే ముఖమంతా వాచిపోవచ్చు. ఈద్ ముందు రాత్రి బజారులో చవకగా దొరికే కోన్ కోసం ఇంత మూల్యమా?

ఆహారంలో వేరుశనగ, జీడిపప్పు, పిస్తా, గుడ్డు, పాలు, రొయ్యలు, చేపలు తరచుగా కారణమవుతాయి. అయితే అనుమానంతోనే పిల్లలకు పాలు, గుడ్లు మాన్పించి వారిని బలహీనపరచకండి. ఏది తిన్నాక, ఎంతసేపటికి, ఏమైందో రాసిపెట్టుకొని డాక్టరుకు చూపండి, అవసరమైన పరీక్షలు ఆయన చేయిస్తారు. పడని మందుల పేర్లు కూడా ఒక కాగితంపై రాసి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందుగా చూపండి.

దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోవటం, గొంతు బిగుసుకోవటం, కళ్లు తిరగటం, ఎడతెగని వాంతులు కనిపిస్తే అది ప్రాణాపాయం. అప్పుడు దురద మాత్ర ఇచ్చి ఎదురుచూడటం ప్రమాదం. కావలసినది అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వండి, నడిపించకండి. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, లక్షణాలు తిరగబెట్టవచ్చు.

మా మద్రసాలో ఇప్పుడు ఎవరు వంటకం పంపినా, అందులో ఏమేమి వేశారో అడిగాకే వడ్డిస్తున్నాం. షీర్ ఖుర్మా మేము వండితే జీడిపప్పు, పిస్తా వేయకముందే ఆ కుర్రవాడి వంతును వేరే గరిటెతో తీసి, మూతపెట్టి ఉంచుతాం. గిన్నె అందుకునే ముందు వాడు ప్రతిసారీ “వేయలేదు కదా హజ్రత్?” అని అడుగుతాడు. నేను ప్రతిసారీ వంటవాణ్ణి పిలిచి వాడి ఎదుటే మళ్లీ అడుగుతాను.