మొదటి పిక్‌కు పాంథర్స్ చెల్లించిన మూల్యం
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023లో మొదటి పిక్ (ఎంపిక అవకాశం) కోసం కరోలినా పాంథర్స్ చేసిన బేరాన్ని నేనెప్పటికీ సమర్థించలేను. షికాగో బేర్స్‌కు ఆ ఏటి 9, 61వ పిక్‌లు, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్ పిక్‌లు ఇచ్చారు. పైగా రిసీవర్ డీజే మూర్‌నూ వదులుకున్నారు. తెచ్చుకున్నది క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని. కుర్రాణ్ణి తప్పుపట్టను. అతను విసిరే బంతిని అందుకోవాల్సిన మేటి ఆటగాణ్ణే పంపేయడం విత్తనాలమ్మి పొలం కొన్నట్టే. అసలే బలహీనమైన జట్టు, తన మరుసటి ఏటి మొదటి పిక్ ఎంత పైకి వెళ్లగలదో లెక్క కట్టుకోవద్దా? 2023 సీజన్‌లో పాంథర్స్ 17 మ్యాచ్‌లకు గెలిచింది రెండే. దాంతో 2024లో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటి పిక్ బేర్స్ చేతికొచ్చింది. వాళ్లు కేలెబ్ విలియమ్స్‌ను తీసుకున్నారు.