878 ఓట్లు

హైదరాబాదు పాతబస్తీ ప్రస్తావన రాగానే రెండు అభిప్రాయాలు వినవస్తాయి. అక్కడి ముస్లింలు గంపగుత్తగా ఒకే పార్టీకి ఓటు వేస్తారన్నది మొదటిది. అసలు ఓటు వేయడానికే రారన్నది రెండవది. ఒకే వ్యక్తి ఒకే సంభాషణలో ఈ రెండింటినీ చెప్పడం కూడా కద్దు. యాకుత్‌పురా శాసనసభ నియోజకవర్గపు లెక్కలను పరిశీలిస్తే మొదటి అభిప్రాయం నిలవదు. రెండవదానిలో నిజముంది గానీ, దాని వెనుక ఉన్న కారణాలు మనం అనుకునేవి మాత్రమే కావు.

2023 నవంబర్ 30న తెలంగాణ శాసనసభకు పోలింగ్ జరిగింది. రాష్ట్రం మొత్తం మీద 71 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. మునుగోడులో 91 శాతం దాటింది. యాకుత్‌పురాలో 40 శాతానికైనా చేరలేదు. రాష్ట్రంలో అదే అత్యల్పం. మజ్లిస్ అభ్యర్థి జాఫర్ హుస్సేన్‌కు 46,153 ఓట్లు రాగా, మజ్లిస్ బచావో తహ్రీక్ అభ్యర్థి అమ్జదుల్లా ఖాన్‌కు 45,275 వచ్చాయి. తేడా 878. పోలింగ్ కేంద్రం ముఖం చూడనివారు సుమారు 2 లక్షల మంది!

ఇక గంపగుత్త ఓటు ఎక్కడ? తహ్రీక్ పుట్టినదే 1993లో మజ్లిస్ నుండి చీలిన నాయకులతో. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఒకే గల్లీలో, బహుశా ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారిలోనే, ఓటు ఇలా రెండుగా చీలింది. అదే ఎన్నికలో నాంపల్లిలో మజ్లిస్ గెలుపు కాంగ్రెస్‌పై కేవలం 2,037 ఓట్లతో. చాంద్రాయణగుట్టలో మాత్రం అదే పార్టీ 80 వేలకు పైగా ఆధిక్యం సాధించింది. కనుక పాతబస్తీ అభిప్రాయం ఒక్కటే అనడం తొందరపాటు. అభిప్రాయాలున్నాయి, వాటిలో అధిక భాగం పెట్టెలోకి చేరడం లేదు.

యాకుత్‌పురాలో గెలిచిన అభ్యర్థికి లభించిన మద్దతు, జాబితాలోని ప్రతి నూరు మంది ఓటర్లలో 14 మందికి మించదు. ఇది ఆయన తప్పిదం కాదు; ఆయన స్థానంలో మరెవరు గెలిచినా లెక్క ఇంతే. కానీ నూటికి 14 మంది మద్దతు సరిపోయేచోట ప్రజాప్రతినిధి ఎవరికి జవాబుదారీగా ఉంటాడు? ఆ 14 మందికే. మిగిలినవారి నాలా పొంగినా, నల్లా ఎండినా ఆయన లెక్క మారదు.

మన బద్ధకం ఒక కారణమన్నది కాదనలేము. సెలవు దొరికితే దావత్ గుర్తుకొచ్చే నగరం మనది. అయితే జాబితాల మాట కూడా చెప్పుకోవాలి. పాతబస్తీలో పుట్టి పెరిగినవారు ఎందరో షాహీన్‌నగర్, రాజేంద్రనగర్, టోలిచౌకి వైపు తరలిపోయారు. పేర్లు మాత్రం పాత ఇంటి నంబరు మీదనే మిగిలాయి. కొందరివి రెండు చోట్లా ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న కుమారుడి పేరూ జాబితాలో ఉంటుంది. ఓటు వేయాలంటే అతడు స్వయంగా రావలసిందే. నికాహ్ అయి అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్ల పేరు పుట్టింటి బూత్‌లోనే ఉండిపోతుంది. వీరందరూ లెక్కకు ‘ఓటు వేయనివారే’. అందుచేత ఆ శాతంలో కొంత ఉదాసీనత, కొంత కాగితాల అపసవ్యత.

మరొక విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాదు స్థానంలో 44.84 శాతం పోలింగ్ జరిగింది. 2024 మే 13న అది 48.48 శాతానికి పెరిగింది. ఆ ఎన్నికలో ప్రచారపు వేడి, పరస్పర ఆరోపణలు ఎలా ఉన్నాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. భయం కలిగినప్పుడు మనం కాస్త కదులుతాము. కానీ చెత్త, మురుగు, వీధి దీపం తేలేది కార్పొరేషన్‌లో. 2020 డిసెంబర్‌లో ఆ ఎన్నికకు నగరమంతటా కదిలింది 46.55 శాతమే. అందులో మన బస్తీలే కాదు, ఉన్నత విద్యావంతుల కాలనీలూ ఉన్నాయి. నింద మన ఒక్కరిదే కాదని ఊరట చెందవచ్చు గానీ, ఆ ఊరటతో నాలా శుభ్రపడదు.

ఓటును షహాదత్‌గా, అనగా సాక్ష్యంగా, పలువురు ఉలమాలు వివరించారు. సాక్ష్యం ఎవరిది వారిదే. ఇంటి పెద్ద ఒక పార్టీని అభిమానిస్తే కోడళ్లు, కూతుళ్లు కూడా అదే గుర్తు నొక్కాలన్న ఆనవాయితీ ఇంకా చాలా కుటుంబాల్లో ఉంది. చర్చ జరగాలి, నిర్ణయం మాత్రం ఆమెకే వదలాలి. ముసుగు తీయవలసి వస్తుందన్న సంకోచంతో ఇంట్లోనే ఉండిపోయే సోదరీమణులు ఒక సంగతి తెలుసుకోవాలి: పర్దా పాటించే ఓటర్ల గుర్తింపును మహిళా పోలింగ్ అధికారి ద్వారా, గోప్యతకు భంగం కలగకుండా జరిపేందుకు ఎన్నికల సంఘం నిబంధనల్లోనే ఏర్పాటు ఉంది. దానిని అడిగి తీసుకోవచ్చు.

ఇల్లు మారినవారు ఫారం 8 నింపాలి. కొత్తగా 18 ఏళ్లు నిండినవారికి ఫారం 6. ఇప్పుడు జనవరి 1 కోసం ఆగనక్కరలేదు, ఏప్రిల్, జూలై, అక్టోబర్ మొదటి తేదీలు కూడా అర్హతా తేదీలే. ఓటరు కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన జాబితాలో పేరున్నట్లు కాదు. పేరుండి కార్డు లేకపోతే ఆధార్, పాస్‌పోర్టు, పాన్ వంటి వాటితో ఓటు వేయవచ్చు. మీ పేరిట ఎవరో అప్పటికే ఓటు వేసి వెళ్లారని తెలిస్తే నిరాశతో తిరిగి రాకండి. గుర్తింపు రుజువు చేసుకుని టెండర్ ఓటు కోరండి. దానిని విడిగా భద్రపరుస్తారు. ఫలితం కోర్టుకెక్కినప్పుడు అది పరిశీలనకు రావచ్చు.

నడవలేని నానీ, దాదీల సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దనే ఓటు వేసే సదుపాయం కల్పించారు. అందుకు ఫారం 12డి ఇవ్వాలి. గడువు నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజులే కనుక, ఎన్నికల ప్రకటన రాగానే మీ బూత్ స్థాయి అధికారిని అడగండి.