రాజీనామా ఎవరిది? రాయించిందెవరు?

మా టీములో ఏడుగురం. పోయినేడు రిలీజు కోసం మూడు వారాంతాలు ఆఫీసులోనే పడుకున్న కుర్రాడికి అప్రైజల్లో అట్టడుగు రేటింగు వచ్చింది. ఎందుకని అడిగితే మేనేజరు గారి సమాధానం: "నీ పని బాగానే ఉందయ్యా, కానీ కర్వులో ఎవరో ఒకణ్ణి కింద పెట్టాలి కదా!"

ఆ ఒక్కడు వీడే ఎందుకయ్యాడంటే, మిగతా వాళ్ళలో ఒకడు మేనేజరు గారి కాలేజీ జూనియరు, ఇంకొకడు రోజూ ఆయనతో టీకి వెళ్ళేవాడు. వీడికి కోడు రాయడం తప్ప ఇంకేం రాదు.

ఇంజినీర్లం కదా, కాస్త లెక్క చూద్దాం. బెల్ కర్వు అనేది పెద్ద సంఖ్యలో ఉన్న జనంలో కనబడేది. నాలుగు ఇంటర్వ్యూలు పెట్టి ఏరి తెచ్చుకున్న ఏడుగురిలో వెతికేది కాదు. ప్రతి ఏటా కింది పది శాతాన్ని పంపెయ్యమన్న పద్ధతిని జీఈలో జాక్ వెల్చ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఉద్యోగుల్ని ఇలా వరసలో పేర్చడాన్ని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది. మనవాళ్ళు మాత్రం ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు.

అసలు కథ తర్వాత మొదలైంది. ఒక శుక్రవారం సాయంత్రం హెచ్ఆర్ గదిలోకి పిలిచారు. "నువ్వే రాజీనామా పెడితే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేకపోతే టర్మినేషన్ అని రాస్తాం." అరగంటలో సంతకం, బ్యాడ్జీ, లాప్‌టాప్ అన్నీ అయిపోయాయి. మనం మానేస్తే తొంభై రోజుల నోటీసు కావాలి. వాళ్ళు మాన్పిస్తే అరగంట చాలు!

ఇంత ప్రేమగా రాజీనామా ఎందుకు అడుగుతారనుకున్నారు? ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి మిగులు సిబ్బంది అని తీసేస్తే నెల నోటీసు గానీ ఆ నెల జీతం గానీ, సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ నియమం 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లోనూ ఉంది. "తనే మానేశాడు" అని కాగితం ఉంటే ఆ గొడవే లేదు. "మీరు కార్మికులు కాదు" అంటారా? నిర్వచనంలో టెక్నికల్ పని కూడా ఉంది. కోర్టులు చూసేది చేసే పనిని, విజిటింగ్ కార్డు మీది హోదాని కాదు.

అన్నట్టు, ఆ సాయంత్రం వాడు బ్యాగు సర్దుకుంటుంటే మిగతా ఆరుగురం మానిటర్లలోకి చూస్తూ కూర్చున్నాం. నాతో సహా. వచ్చే ఏడు కర్వులో అడుగున ఎవరో మాకెవరికీ తెలీదు.

అందుకే చెప్తున్నా. ఆ గదిలో సంతకం పెట్టకండి. "ఆలోచించుకుని చెప్తాను, ఇదే విషయం మెయిల్లో పంపండి" అనండి. పంపరు. పంపలేరు. ఎందుకో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.