టిక్కెట్టు లోపల టిక్కెట్టు

ఇంటి ఖర్చులు రాసుకునే పుస్తకం నాకు పెళ్ళయిన నాటినుంచీ వుంది. పుస్తకాలు మారాయి గాని అలవాటు మారలేదు. మావారు దాన్ని చిత్రగుప్తుడి చిట్టా అంటారు. అననివ్వండి. మొన్న వేసవి సెలవుల్లో ఒక ఆదివారం నాటి పేజీ మాత్రం ఎన్నిసార్లు చూసుకున్నా నాకు లెక్క కుదరడం లేదు. రూపాయలు కుదిరాయి లెండి. కుదరనిది వేరే వుంది. ఆ సంగతే ఈ వారం మీతో చెబుదామని కూర్చున్నాను.

మా అమ్మాయి, మనవడు బుజ్జిగాడు బెంగుళూరు నుంచి వచ్చారు. బుజ్జిగాడికి తొమ్మిదేళ్ళు. వచ్చిన మర్నాటినుంచీ నీళ్ళ పార్కుకి తీసుకెళ్ళమని ఒకటే పోరు. మా అపార్టుమెంటు వాచ్‌మన్ కొడుకుదీ అదే యీడు. ఇద్దరూ పొద్దస్తమానం కింద సెల్లారులో బంతాట. వాణ్ణి వదిలి తాను రానని మా వాడు మొండికేశాడు. ఆ బుద్ధికి నేను మురిసిపోయి, “వాణ్ణీ తీసుకెళదాం, వాడి టిక్కెట్టు నాది” అన్నాను. వాళ్ళమ్మ ఆ పిల్లాడికి కొత్త చొక్కా తొడిగి, తల దువ్వి, జేబులో వంద రూపాయల నోటొకటి పెట్టి పంపింది.

పార్కు పేరు చెప్పను. హైదరాబాదు పొలిమేరల్లో వుంది. ఆ మాట కొస్తే ఏ వూరి పొలిమేరల్లో వున్నా కథ ఇదే. కారు నిలిపినందుకు 100. అయిదుగురికీ టిక్కెట్లు, అరవై దాటిన మా ఇద్దరికీ ఇచ్చిన తగ్గింపు పోను, 6,200. సరే, ముందే తెలిసి వెళ్ళిన ఖర్చు అది. దానికి నేనేమీ గొణగలేదు.

గేటు దగ్గర సంచీ తెరవమన్నారు. తెల్లవారుజామున లేచి నిమ్మకాయ పులిహోర కలిపి తెచ్చాను. రెండు పెద్ద సీసాల నిండా మంచినీళ్ళు. మావారి మాత్రలు, ఆయనకోసం నాలుగు జొన్నరొట్టె ముక్కలు. మాత్రలు, రొట్టె లోపలికి రానిచ్చారు. పులిహోరా, నీళ్ళూ కుదరదన్నారు. ఆ కాపలా కుర్రవాడు మర్యాదస్తుడే. “రూలమ్మా, మేం చేసేదేం లేదు” అన్నాడు. చేసేది లేక కారు దగ్గరికి తిరిగి వెళ్ళి, పొద్దున పదిన్నరకి, ఆకలి కాని వేళ, ఎండలో నిలబడి పులిహోర తిన్నాం. మాలాంటి కుటుంబాలు అక్కడ ఇంకో మూడు కనిపించాయి. ఒకావిడ దద్దోజనం గిన్నె మూత తీసి, “మీరూ పుచ్చుకోండి, పారబోయడం కంటే నయం గదా” అంది. పుచ్చుకున్నాం. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మొత్తంలో రుచిగా తిన్నది అదే.

లోపల లాకరుకి 200. పిల్లాడి కొత్త చొక్కా, నూలు లాగూ నీళ్ళలోకి పనికిరావట. నైలాను బట్టలే వుండాలి. ఇందులో అన్యాయం లేదు సుమండీ. నూలు పోగులు వూడి నీళ్ళు వడగట్టే యంత్రాల్లో చేరతాయి, వదులు బట్టలు జారుడుబల్లల మీద మెలిపడి ప్రమాదం తెస్తాయి. మా వాడికి నైలాను జత వుంది. ఆ పిల్లాడికి అద్దెకి తీసుకున్నాం: 150. వాళ్ళమ్మ ఇస్త్రీ చేసి తొడిగిన చొక్కా సాయంత్రందాకా ఇనప పెట్టెలో వుండిపోయింది. నీళ్ళ సీసాలకి 240. అయిదుగురి భోజనానికి 1,750. మొత్తం టిక్కెట్లు కాక 2,440. ఇంకో పద్దు వుంది. దానికి వస్తాను.

మా చిన్నతనంలో శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి బళ్ళు కట్టుకు పోయేవాళ్ళం. కొండ కింద ప్రభలు, జనం, దుమ్ము, మధ్యన రంగులరాట్నం. లోపలికి పోవడానికి టిక్కెట్టేమిటి, అక్కడ లోపలా బయటా అన్నదే లేదు. ఎక్కిన దానికే డబ్బులు. డబ్బులు లేనివాడు కింద నిలబడి ఎక్కినవాళ్ళ కేకలు వినేవాడు. అదీ ఒక సరదాయే. తాటాకు పందిట్లో కుండలు పెట్టి పుణ్యాత్ములెవరో మంచినీళ్ళు పోసేవారు. కాళ్ళు లాగితే చెట్టు నీడ, గుడి మెట్లు. మన నాంపల్లి నుమాయిష్ ఇప్పటికీ కొంత ఆ బాణీయే. 1938లో మొదలైంది. లోపలికి రావడానికి చిన్న టిక్కెట్టు, ఎక్కినదానికల్లా వేరే టిక్కెట్టు. వచ్చిన ఆదాయంతో ఆ సొసైటీ స్కూళ్ళూ, కాలేజీలూ నడుపుతుంది.

అమెరికా డిస్నీలాండు కూడా ఇలాగే మొదలైందంటే నమ్ముతారా? కాలిఫోర్నియాలో అనహైమ్ అనే వూళ్ళో 1955 జూలై 17న అది తెరిచినప్పుడు గేటు దగ్గర పెద్దవాళ్ళకి ఒక డాలరు, పిల్లలకి అర డాలరు. లోపల ఎక్కే ప్రతిదానికీ విడిగా ఇచ్చుకోవాలి. ఆ ఏడాది అక్టోబరులోనే టిక్కెట్ల పుస్తకాలు పెట్టారు. ఎ, బి, సి అని తరగతులు. మరుసటి ఏడు డి, 1959లో ఇ వచ్చి చేరాయి. ఎ టిక్కెట్టుతో ఏ చిన్న బండో ఎక్కవచ్చు. ఇ టిక్కెట్టుతో కొండల్లో దూసుకుపోయే బళ్ళ వంటివి. మంచివన్నీ ముందు అయిపోయి, ఎ టిక్కెట్లు ఇళ్ళల్లో సొరుగుల్లో మిగిలిపోయేవట. “ఇ టిక్కెట్టు” అన్న మాట అక్కడి ఇంగ్లీషులో గొప్ప సరదాకి పేరయి కూర్చుంది. 1982లో ఈ పుస్తకాలన్నీ తీసేసి, ఒకే టిక్కెట్టు, ఎన్నిసార్లు ఎక్కినా అదే అన్నారు.

ఆ మొదటి రోజు సంగతి ఒకటి చెప్పకుండా వుండలేను. మండుటెండ. కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. కుళాయిల పనివాళ్ళ సమ్మె మూలంగా మరుగుదొడ్లు, తాగునీటి కుళాయిలు రెండూ వేళకి పూర్తికావని తేలింది. ఏదో ఒకటే చెయ్యాలి. వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లకే ఓటు వేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, ఆ స్థానంలో వుంటే నేనూ అదే చేసేదాన్ని. కాని శీతలపానీయాలు అమ్ముకోవడానికే నీళ్ళు ఆపాడని జనం గుసగుసలాడారు, పత్రికల వాళ్ళు రాశారు. కోట్ల డాలర్లు పోసి కట్టినదాని మీద మొదటి రోజునే గుక్కెడు నీళ్ళ దగ్గర మాట పడింది చూశారా!

పార్కుల వాళ్ళకీ ఇబ్బందులున్నాయి, కాదనను. ఎవరూ రాని మంగళవారంనాడు కూడా నీళ్ళు శుద్ధి చేయాలి, కరెంటు కట్టాలి, ఈత తెలిసిన కాపలావాళ్ళకి జీతాలివ్వాలి. జి.ఎస్.టి. మొదట్లో నూటికి 28 వుండేది, 2018 జనవరిలో 18 చేశారు. అంచేత గేటు దగ్గర ధర పెంచమనండి, ఇచ్చుకుంటాం, లేకపోతే మానుకుంటాం. అక్కడ మన చేతిలో ఆ వీలుంది. లోపలికి వెళ్ళాక దాహం వేసినవాడు ఏం మానుకుంటాడు? సినిమాహాళ్ళ తగాదా ఒకటి సుప్రీంకోర్టుదాకా పోతే, 2023 జనవరిలో కోర్టు, బయటి తిండి రానివ్వకపోవడం యజమాని హక్కేనంటూనే, శుభ్రమైన మంచినీళ్ళు ఉచితంగా వుండాలనీ, పసిపిల్లల తిండిని ఆపకూడదనీ గట్టిగా చెప్పింది. అది హాళ్ళ మాటే అనుకోండి. అయినా రెండున్నర గంటల సినిమాకే అంత అవసరమైతే, ఎండలో ఎనిమిది గంటలు నిలబడేవాడి మాటేమిటి? మేం వెళ్ళిన చోట నీళ్ళ కుళాయి లేకపోలేదు. వుంది. భోజనశాల వెనక, మరుగుదొడ్ల దారిలో. దానికి బోర్డు లేదు. వూడ్చే ఆవిణ్ణి అడిగితే చూపించింది, అప్పటికే ఆరు సీసాలు కొన్నాక.

ఇక ఆ మిగిలిన పద్దు. మధ్యాహ్నం క్యూలు పెరిగాయి. ఎత్తయిన జారుడుబల్ల ఒకటి, పిల్లలిద్దరి కళ్ళూ దానిమీదే. యాభై నిమిషాలు పడుతుందని రాసిపెట్టారు. పక్కనే ఒక కిటికీ. చేతికి పట్టీ కట్టించుకుంటే వేరే దారిన నేరుగా పోవచ్చునట. ఒక్కో పట్టీ 1,100. బుజ్జిగాడు కాళ్ళు నేలకేసి కొట్టడం మొదలెట్టాడు. మా అమ్మాయి నాకేసి చూసి, “రెండు తీసుకుందామా అమ్మా?” అంది.

“ఒక్కటి చాల్లే. వాడికి ఇంతవరకు రావడమే గొప్ప” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. మెల్లగానే అన్నాను. ఆ పిల్లాడు రెండడుగుల దూరంలో వున్నాడు.

బుజ్జిగాడు పట్టీ కట్టించుకుని పరుగెత్తాడు. పైకి వెళ్ళాడు, జారాడు, మళ్ళీ వెళ్ళాడు. క్యూలో నిలబడ్డవాడు మొదటిసారి వాడికి చెయ్యి వూపాడు. రెండోసారీ వూపాడు. మూడోసారి వూపలేదు. నేను నీడలో బల్లమీద కూర్చుని చూస్తున్నాను. ఒక్కో విడతకి కొందరినే పంపుతారు గదా. పట్టీలవాళ్ళు పది మంది ముందు వెళితే, మామూలు వరసలో పది మంది ఆగుతారు. జారుడుబల్ల వేగం పెరగదు, మనుషుల వరసే మారుతుంది. అంటే ఆ 1,100 పెట్టి నేను కొన్నది పార్కువాళ్ళ సొత్తు కాదు. క్యూలో వున్నవాళ్ళ నిమిషాలు. అందులో కొన్ని మాతో వచ్చిన పిల్లాడివి. ఆ సొమ్ము వాడికేమైనా ముట్టిందా?

డిస్నీవాళ్ళు 1999లో ఈ క్యూ బాధకి ఒక ఉపాయం తెచ్చారు. ఫలానా వేళకి రమ్మని యంత్రం చీటీ ఇచ్చేది. ఉచితంగా. అందరికీ ఒకటే. ఆ వేళకి వెళితే చాలు. 2021లో అది తీసేసి డబ్బులకి పెట్టారు. మన దగ్గరి పార్కులు ఆ మొదటి ఉపాయాన్ని కాక రెండోదాన్ని పట్టుకున్నాయి.

కాసేపటికి ఆ పిల్లాడు క్యూలోంచి బయటికి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. లాకరులో పెట్టలేదు కాబోలు, తడిసిన నోటు పిడికిట్లో వుంది. “అమ్మమ్మగారూ, ఇది ఇస్తే నాకూ పట్టీ కడతారా?” అన్నాడు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజుకి పట్టీలు అయిపోయాయన్నారు. తిరిగి వచ్చేసరికి వాడి జాగా పోయింది. మళ్ళీ చివర్నుంచి నిలబడ్డాడు. ఈసారి వాడి పక్కన నేనూ నిలబడ్డాను. గంటా పది నిమిషాలు పట్టింది. తడినేల మీద నా మోకాళ్ళు ఏం చెప్పాయో మీకు చెప్పను. వాడు నాకు తమ బడి సంగతులన్నీ చెప్పాడు. తీరా పైకెళ్ళి, జారి, ఇంత నోరు చేసుకుని నవ్వుతూ లేచాడు. అప్పటికి గేటు మూసే వేళయింది.

ఇంటికొచ్చాక పార్కువాళ్ళకి ఉత్తరం రాశాను. కుళాయికి ఒక బోర్డు పెట్టమనీ, క్యూ దగ్గర ఇంకో కుళాయీ, కూర్చునే బల్లలూ వేయించమనీ. మీ సలహాకి కృతజ్ఞతలని జవాబొచ్చింది. మీరెవరైనా వెళ్ళదలిస్తే ముందే ఫోను చేసి అడగండి: నీళ్ళెక్కడ దొరుకుతాయి, బట్టల నిబంధన ఏమిటి, లాకరు అద్దెలో తిరిగి వచ్చేదెంత, క్యూ దాటించే పట్టీ వుందా. ఆ చివరిది వుందంటే, ఎంతమంది పిల్లల్ని తీసుకెళుతున్నారో అంతమందికీ కొనగలరో లేదో ఇంట్లోనే తేల్చుకోండి. నేను కిటికీ దగ్గర తేల్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ భార్య పైకి వచ్చింది. “పిల్లోడికి బోలెడు ఖర్చు పెట్టారంట గదమ్మా. ఈ నోటు ఇట్లనే తెచ్చిండు. మీరే వుంచుండ్రి” అని చేతిలో పెట్టబోయింది. వద్దన్నాను. వినలేదు. బల్లమీద పెట్టి, నేను లేచేలోగా మెట్లు దిగిపోయింది. ఆరిపోయి బిరుసెక్కిన నోటు. ఆ సాయంత్రమే వెళ్ళి పిల్లాడి చేతికిచ్చాను. వాడు వాళ్ళమ్మకేసి చూసి పుచ్చుకోలేదు. తిరిగి తెచ్చి, ఆ ఆదివారం పేజీలో పెట్టాను. దాన్ని జమలో రాయలేదు, ఖర్చులోనూ రాయలేదు.