తల ఒక్కటే, హెల్మెట్లు మూడు

పోయిన గురువారం కొరియర్ అబ్బాయి ఒక డబ్బా ఇచ్చి వెళ్లాడు. విప్పి చూస్తే సైకిల్ హెల్మెట్. మా ఇంట్లో అది మూడోది. తొక్కే మనిషి ఒక్కరే, ఆయనకు తల కూడా ఒక్కటే.

నిరుడు డాక్టరుగారు షుగర్ ఎక్కువుంది, రోజూ ఒళ్లు వంచాలన్నారు. మావారు గేర్ల సైకిల్ కొన్నారు. నేనూ సంతోషపడ్డాను. హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. రెండు ఆదివారాలు నంది దాకా వెళ్లొచ్చారు. మూడో ఆదివారం నుంచి సైకిల్ వరండాలో, ఆయన ఫోన్‌లో. వాడిన సైకిల్ సామాన్లు వేలం వేసే యాప్ ఒకటి దొరికింది. గ్లవ్స్, లైట్లు, హెల్మెట్లు ఒక్కొక్కటే ఇంటికి చేరాయి.

అన్నిటికన్నా పెద్ద కథ బూట్లది. వాటి అడుగున ఒక ముక్క ఉంటుంది. అది ప్రత్యేకమైన పెడల్‌కు తగులుకుని పట్టుకుంటుందట. మా సైకిల్‌కున్నవి మామూలు పెడళ్లు. 1,200 దాటకూడదని మనసులో అనుకున్నారట. రాత్రి పదింటికి వేలం ముగుస్తుందనగా ఎవరో వంద పెంచారు, ఈయనా పెంచారు. చివరికి 2,650. ఆ డబ్బుకన్నా నాకు గుచ్చుకున్నది ఆయన సంబరంగా అన్న మాట: "గెలిచానే!"

కందిపప్పు కొనుక్కొచ్చి ఎవరైనా గెలిచామంటామా?

వేలం చెడ్డదని నేననను. మా నాయన పెనుకొండ దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచేవాడు. గూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్‌కు వస్తే చిన్నప్పుడు నేనూ వెంటపడేదాన్ని. రీలర్లు గూళ్లను గుప్పిట్లోకి తీసుకుని, నొక్కి చూసి ధర చెప్పేవాళ్లు. వాటిలో ఎంత దారం వస్తుందో, అది ఎంతకు పోతుందో వాళ్లకు తెలుసు. పక్కవాడు పెంచితే, తమ లెక్క దాటిందంటే ఇంకో రాశి దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. ఓడిపోయామని మొహం ముడుచుకున్నవాళ్లను నేను చూడలేదు. వాళ్లకు కావలసింది గూళ్లు, గెలుపు కాదు. ఫోన్‌లో వేలానికి చేత్తో ముట్టి చూడటం లేదు, రేపటి అవసరమూ లేదు. ఇక మిగిలేది పంతమే.

1971లో అమెరికాలో ఒక చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు ఒక విషయం రాశారు. నేల కింద ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు, అందరికన్నా ఎక్కువ ఉందని పొరపాటుపడ్డవాడే వేలంలో గెలుస్తాడట. తర్వాత దానికి 'విజేత శాపం' అన్న పేరు స్థిరపడింది. మావారి బూట్లను చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

మగవాళ్లంతే అని నవ్వుకోకండి. ధర్మవరం నుంచి మా వదిన చీరల లైవ్ లింక్ పంపితే, "ఒక్క పీసే ఉందమ్మా, ఎవరు ముందు మెసేజ్ పెడితే వాళ్లకే" అనగానే నా వేలు ఆగిందా? అలా వచ్చిన రెండు చీరలకు ఇంకా ఫాల్ కూడా కుట్టించలేదు. కొనేవాళ్లను లేని తొందర పెట్టి అమ్మడం తప్పని 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి మాయలు 13 రకాలని చెప్పింది. కానీ వేలంలో పదింటి గడువు నిజమైనదే. అక్కడ మనల్ని మనమే కాపాడుకోవాలి.

ఆ రాత్రి నేను అరవలేదు. "ఏమండీ, ఈ హెల్మెట్ పెట్టుకుని ఎక్కడికి పోతారు?" అని మాత్రం అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "సామాను కొంటే సగం తొక్కేసినట్టే అనిపిస్తుంది" అన్నారు. నాకు కోపం పోయింది, భయం వేసింది. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ డబ్బా విప్పితే షుగర్ తగ్గదు కదా! మంచి పని మొదలుపెట్టామన్న తృప్తి కొనడంతోనే దొరికేస్తే, ఆ పని చేసేదెవరు? చదవని పుస్తకాలు, పరవని యోగా చాపలు, మా ఇంట్లో సైకిల్ బూట్లు అన్నీ ఒకటే జాతి.

అందుకే మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. కావలసిన వస్తువు, దానికి ఇవ్వగలిగిన ధర ముందే క్యాలెండర్ మీద రాయాలి. రాసిన మూడు రోజుల తర్వాతే కొనాలి. ఆ ధర దాటితే వదిలేయాలి. ఉన్న సామానుతో 100 కిలోమీటర్లు తొక్కేదాకా సైకిల్‌కు ఇంకేమీ కొనకూడదు. నా చీరలకూ ఇదే రూలు, ఫాల్ కుట్టించి కట్టుకున్నాకే కొత్తది.

మొన్న ఆదివారం టైర్లలో గాలి కొట్టించుకుని, పాత చెప్పులతోనే లేపాక్షి వెళ్లొచ్చారు. రానూ పోనూ 30 కిలోమీటర్లు. క్యాలెండర్ మీద నేనే రాశాను. ఇంకా 70 ఉంది.