పాట ఇచ్చినవారి పేరు

1958 జూన్‌లో అమెరికాలోని కాపిటల్ కంపెనీ ఒక కొత్త బృందం తొలి ఆల్బం విడుదల చేసింది. బృందం పేరు కింగ్‌స్టన్ ట్రయో. డేవ్ గార్డ్, బాబ్ షేన్, నిక్ రేనాల్డ్స్ అనే ఈ ముగ్గురూ శాన్‌ఫ్రాన్సిస్కోలో పర్పుల్ ఆనియన్ అనే చిన్న క్లబ్బులో పాడుతూ పేరు తెచ్చుకున్న కుర్రాళ్లు. ఆల్బంలోని 'టామ్ డూలీ' పాటను సాల్ట్ లేక్ సిటీ రేడియోవాళ్లు పదే పదే వేస్తుంటే, కంపెనీ దాన్ని విడి రికార్డుగా తెచ్చింది. నవంబరుకల్లా ఆ పాట దేశంలో మొదటి స్థానానికి చేరింది. ముప్పై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కాలేజీ పిల్లలు గిటార్లు, బాంజోలు కొనుక్కుని పాత పాటల కోసం వెతకడం మొదలుపెట్టారు. జానపద సంగీత పునరుజ్జీవనం ఇంటింటికీ చేరింది ఆ ఊపులోనే.

ఆ పాట ఎక్కడిది? నార్త్ కరోలినా కొండల్లో ఫ్రాంక్ ప్రాఫిట్ అనే రైతు ఉండేవాడు. పొగాకు పండించేవాడు, వడ్రంగం చేసేవాడు, బాంజోలు తన చేత్తోనే తయారుచేసుకునేవాడు. 1868లో హత్యానేరం మీద ఉరితీసిన టామ్ డ్యూలా అనే మాజీ సైనికుడి కథే ఈ పాట. ప్రాఫిట్ కుటుంబంలో పెద్దలు అతణ్ణి ఎరిగినవాళ్లు. 1938లో పాటలు సేకరిస్తూ వచ్చిన ఫ్రాంక్ వార్నర్‌కు ప్రాఫిట్ దీన్ని పాడి వినిపించాడు. వార్నర్ నుంచి అది జానపద గేయాల సేకర్త అలన్ లోమాక్స్ పుస్తకంలోకి, చివరికి కింగ్‌స్టన్ ట్రయో ఆల్బంలోకి వెళ్లింది. ప్రాఫిట్ పేరు మాత్రం ఆల్బం మీదికి వెళ్లలేదు. తన పాటనే టీవీలో ఎవరో పాడుతుంటే విన్నాడాయన.

ఇది ఆయన ఒక్కడి సొత్తు కాదన్నదీ నిజమే. 1929లోనే గ్రేసన్, విట్టర్ అనే గాయకులు దీన్ని రికార్డు చేశారు. కింగ్‌స్టన్ ట్రయో గొంతుల్లోని శ్రుతి, ఉత్సాహం లేకపోతే ఇంతమంది వినేవారు కారన్నదీ నిజమే. అయినా వాళ్ల దాకా వచ్చిన పాట ప్రాఫిట్ నోట విన్నది. జానపదానికి కర్త ఉండడన్న మాటను అడ్డుపెట్టుకుని, పాడినవాడిని కూడా లేకుండా చేయడం అన్యాయం.

మన దగ్గరా ఇప్పుడు యూట్యూబులో పల్లె పాటలకు కోట్ల వీక్షణలు వస్తున్నాయి. 'సేకరణ' అని ఒక పేరు కనిపిస్తుంది. నాట్లేస్తూ ఆ పాట పాడి వినిపించిన అవ్వ పేరు చాలాసార్లు కనిపించదు. తొలి ఆల్బం తెస్తున్న యువ బృందాలు ఆమె పేరు, ఊరు ముందు వేయాలి, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వాలి. మా పత్రికకు జానపద గేయాలు పంపేవారికీ ఇదే మనవి: పాడినవారి పేరు, ఊరు రాసి, వారి అనుమతితోనే పంపండి.